ఏడో నంబరు శనగ

మేడం గారికి,

మన పరిశోధన కేంద్రం షెడ్డులో కుండీలకు నీళ్లు పోసే మనిషిని. ఎదురుగా చెప్పే ధైర్యం లేక కాగితం మీద పెడుతున్నాను.

ఏ రకం శనగ ఎండకు తట్టుకుంటుందో చూడాలి, నలభై రోజులు చుక్క నీళ్లు పోయొద్దన్నారు. పదహారేళ్లు పోసిన చెయ్యి, ఊరుకోలేదు. ఏడో నంబరు వరస పూత మీద ఉండి తల వేలాడేసింది. కడుపుతో ఉన్న పిల్లను పస్తు పెట్టినట్టనిపించి, రోజూ పొద్దున్నే మీరు రాకముందు కుండీకో గ్లాసు పోశాను. కాయ పట్టింది. "చూశావమ్మా, నీళ్లు లేకుండా ఎలా నిలబడిందో!" అని మీరు సంబరపడుతుంటే నేను గ్లాసు కొంగు కింద దాచుకున్నాను.

మిగతా వరసలు ముందే మాడిపోయాయి. మూలనున్న అడవి శనగకు కూడా నేను పోయలేదు. కలుపు మొక్కలా నేలమీద పాకుతుంటే దానిమీద జాలి కలగలేదు. నిజంగా నీళ్లు లేకుండా కాసింది అదొక్కటే. కుండీ ఎత్తి చూడండి, వేరు అడుగు రంధ్రంలోంచి బయటికొచ్చింది.

ఏడో నంబరు విత్తనమే రైతులకు పంచుతామని బోర్డు మీద రాశారు. నా ఉద్యోగం మీ ఇష్టం, పంపకం మాత్రం ఆపండి. మా తమ్ముడు కూడా పేరు రాయించుకున్నాడు. వాడిది వానను నమ్ముకున్న చేను. అక్కడ పొద్దున్నే గ్లాసుతో వచ్చేవాళ్లెవరూ లేరు.