మేకుకు ఉండాల్సిన తాళంచెవి

ఆసుపత్రి మందుల బీరువా రెండో తాళంచెవి ఎప్పుడూ నర్సుల బల్ల పక్కన మేకుకే ఉంటుందని పదకొండేళ్ల కిందట నా తమ్ముడు మాటిచ్చాడు. అక్కడ స్టోర్‌కీపర్ వాడే. మాట తప్పాడు. నా కొడుకు పోయాడు. నాకిప్పుడు డెబ్బై తొమ్మిది. తాళాలు చేసి బతికాను. మోకాళ్లు చెడ్డాయి గాని బుద్ధి చెడలేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను.

1. నా స్వార్జితమైన ఇంటి కింది భాగం మత్తు మాత్రల వ్యసనానికి చికిత్స కోసం ప్రభుత్వ ఆసుపత్రికి చెందాలి. చేరతానన్న మనిషిని అదే రోజు చేర్చుకోవాలి. నడుం దెబ్బకు డాక్టరు రాసిన నొప్పి మాత్రలే నా కొడుకును పట్టుకున్నాయి. "నాన్నా, ఇవాళైతే వస్తాను, రేపటి సంగతి చెప్పలేను" అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే, నాలుగు నెలలాగి రమ్మని చీటీ ఇచ్చారు. ఆ చీటీని పటం కట్టించి అక్కడి గోడకు తగిలించాలి.

2. అక్కడి తలుపుకు ఏ వేళా తాళం పడకూడదు. విరుగుడు మందు చేతికందే అల్మరాలో ఉండాలి. ఆసుపత్రి పెద్దలు మత్తు మందులనూ వాటి విరుగుడునూ ఒకే బీరువాలో పెట్టి, తాళం నా చేతే చేయించారు. ఆదివారం మధ్యాహ్నం, మాత్రలు ఎక్కువై ఊపిరాడని కొడుకును మోసుకెళ్లాను. విరుగుడు నాలుగడుగుల దూరంలో ఉంది. రెండు తాళంచెవులూ ఊరవతల పెళ్లి భోజనాల్లో, తమ్ముడి జేబులో ఉన్నాయి. నా పనిముట్లు ఇంట్లో ఉన్నాయి. నర్సు కుర్చీ విరిగేదాకా బీరువాను బాదింది. నేను మంచి తాళం చేశాను.

3. కుర్చీ విరగ్గొట్టినందుకు మెమో అందుకున్న ఆ నర్సుకు నా పడక్కుర్చీ, పుస్తకాలన్నీ. మార్జిన్లలో నేను రాసిన తిట్లు ఆమె గురించి కావు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే.

4. మేడమీది వాటా నా కూతురికి. వాళ్ల అన్న పన్నెండో ఏట చేసిన తాళం కూడా. అది సరిగ్గా పడదు. బాగుచేయించవద్దు.

5. తమ్ముడికి ఆ మేకు. గోడలోంచి నేనే పీకి తెచ్చాను. అంత్యక్రియల రోజు వాడు, "అన్నయ్యా, 'తాళంచెవి మావాడి కంటపడనివ్వకు' అని నువ్వేగా అన్నావు" అన్నాడు. అన్నాను, నిజమే. పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కటీ విననివాడు ఆ ఒక్కటీ విన్నాడు. విన్నందుకు నేను ఇప్పటికీ తప్పుపట్టేది వాణ్ణే, నా తమ్ముణ్ణే.

17 మార్చి 2024, ఆదివారం

(సంతకం) తాళాలాయన

సాక్షులు:
వీధి చివరి దర్జీ
రిటైరైన పోస్ట్‌మాన్