అక్కడ వాన పడుతోందా?

ఏమండీ,

మీరు పోయాక ఇక్కడ ద్వారకలో ఇది రెండో వానాకాలం. సాయంత్రం వంట చేసుకుంటూ పాత పాటొకటి పెట్టుకున్నాను. అందులో అతను ఆమెను మబ్బు అంటాడు, ఏటి మీద గాలి అంటాడు, ప్రేమ అన్న మాట మాత్రం ఎత్తడు. మన అమ్మాయి పకపకా నవ్వింది. "మమ్మీ, సీదా లవ్ యూ అనేయొచ్చు కదా యార్! ఇదేమైనా వెదర్ రిపోర్టా?"

నాకు సరిహద్దు నుంచి వచ్చే మీ ఫోన్లు గుర్తొచ్చాయి. ఎక్కడున్నారో చెప్పకూడదు గనక మంచు గురించి, గాలి గురించి చెప్పేవారు. చివర్లో ఎప్పుడూ "అక్కడ వాన పడుతోందా?" అని అడిగేవారు. అది ప్రేమో, ఫోన్ కోసం వెనక వరుసలో నిలబడ్డ జవాన్లు వింటారన్న మొహమాటమో, నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇందాక చినుకులు మొదలయ్యాయి. ఆరేసిన బట్టలు తీద్దామని బాల్కనీ దాకా వెళ్తే, అమ్మాయి అక్కడ నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. చెయ్యి వానలోకి చాపి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"యహా బారిష్ హో రహీ హై... వహా?"

అచ్చం మీ ప్రశ్నే, హిందీలో.

బట్టలు తడిస్తే తడిశాయని చప్పుడు చేయకుండా లోపలికి వచ్చేశాను.

ఇక్కడ పడుతోందండీ. మీకక్కడ?