గేటు దగ్గర చెప్పుల సంచి

తేదీ: పదిహేడు, బుధవారం, ఉదయం

చిరంజీవి సౌభాగ్యవతి మా చెల్లికి,

అక్కయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. చదివాక క్షేమమో కాదో నువ్వే తేల్చుకో.

నీ తలతిప్పుడు ఎలా ఉంది? మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవొద్దు, ముందు కూర్చో, కాళ్ళు కింద పెట్టు, గోడ పట్టుకుని అప్పుడు లే అని కిందటిసారి రాశాను. అలా లేస్తున్నావా, నా ఉత్తరం చదివి నవ్వుకుని పక్కన పడేశావా? మరిదిగారి దగ్గు తగ్గిందా? ఆయన్ని అడిగితే తగ్గిందనే అంటారు. ఆయన మాట నమ్మకు, పక్క గదిలో కూర్చుని నువ్వే విను. అబ్బాయి ఇంకా నిచ్చెనలెక్కి గోడలకు రంగులు వేస్తున్నాడా? కింద ఎవరైనా పట్టుకుంటున్నారా? కోడలిని ఈ నెలల్లో తడి గచ్చు మీద నడవనివ్వకండి. మీ పిల్లి కూడా బాగుందనే తలుస్తాను. దాన్ని పిట్టగోడ మీద తిరగనివ్వొద్దు. పిల్లులు పడవంటారు గాని, పడిన పిల్లి వచ్చి చెబుతుందా ఏమిటి?

నీ ఉత్తరం అందింది. మీ అక్క కూతురు జైలుకు పోతుందటగా అని ఎవరో పేపరు చూసి అడిగారని, నువ్వు ఏడ్చావని రాశావు. ఏడవకు, తల తిరుగుతుంది. ఈరోజే కోర్టు. ఆటో రావడానికి ఇంకా టైముంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, విను.

మా ఊరి చివర, బస్సుల ఆఖరి స్టాపు దాటాక, పొడుగాటి గోడ కట్టిన ఫ్యాక్టరీ ఒకటుంది. అందులో డ్రోన్లు చేస్తారు. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేవి కావు, బాంబులు మోసేవి. మనిషి ఇక్కడ కుర్చీలో కూర్చుని మీట నొక్కితే, ఎక్కడో దూరదేశంలో ఎవరింటి మీదో పడతాయట. అలా ఇల్లు పోయి మా ఊరికి వచ్చి తలదాచుకున్నవాళ్ళు కొందరున్నారు. మా అమ్మాయి నర్సమ్మ పనిచేసేది ఆసుపత్రిలో పిల్లల వార్డులో కదా, వాళ్ళ పిల్లలు దాని చేతికే వస్తారు. కట్లు కట్టీ కట్టీ ఒకరోజు ఇంటికొచ్చి, అమ్మా, కట్టు కట్టడం కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది అంది. నా గుండె అప్పుడే జారింది.

అప్పటినుంచి అది, ఒక డ్రాయింగు మాస్టారు, ఒక వడ్రంగి, ఇంకా కొందరు కలిసి ఎనిమిదిమంది, గురువారం గురువారం ఆ గేటుకు అడ్డంగా చాపలు పరుచుకుని కూర్చుంటున్నారు. లారీలు బయటికొచ్చేది ఆ రోజే. కేకల్లేవు, రాళ్ళు లేవు. వాళ్ళకు కొన్ని కట్టుబాట్లున్నాయి. మాట తూలకూడదు. నెట్టితే తిరిగి నెట్టకూడదు. అబద్ధం ఆడకూడదు. కాపలా పోలీసులకు టీ పొయ్యకుండా తాము తాగకూడదు. చాప మీదికి చెప్పులతో ఎక్కకూడదు. అందుకని చెప్పులన్నీ రోడ్డు పక్కన వరసగా విడిచి కూర్చుంటారు. పోలీసులు లెమ్మనగానే లేవరు. అరెస్టు చేస్తున్నాం అన్నాక మాత్రం నోరెత్తకుండా లేచి, చెప్పులేసుకుని వ్యానెక్కుతారు. సాయంత్రానికి వదిలేసేవాళ్ళు. మా అల్లుడు బస్సు కండక్టరు కదా, మా ఆవిడకు గురువారం పోలీసు వ్యాను పాసుందని అందరితో చెప్పేవాడు.

నేను కూర్చోలేదు సుమా! నేను పోయేది గొడుగూ మంచినీళ్ళూ ఇవ్వడానికి. ఎదురుగా బస్సు షెల్టరులో నిలబడి, లారీ బ్రేకు పడుతుందో లేదో అని చూస్తూ ఉండేదాన్ని. అంతకు ముందు వారం ఒక కుక్క డ్రాయింగు మాస్టారి చెప్పు నోట కరుచుకుపోయింది. పాపం ఆ పెద్దమనిషి ఒంటి చెప్పుతో వ్యానెక్కాడు. అందుకని ఆ గురువారం నేను ఎనిమిది జతలూ ఏరి, గుడ్డసంచిలో వేసి, గేటుకు ఎదురుగా ఉన్న సైకిలు షాపులో తలుపు వెనక తగిలించాను. అదే నా కొంప ముంచింది.

ఆరోజు లారీలకు తొందర. ఓడరేవులో ఓడ కాచుకుని ఉందట. ఇన్స్పెక్టరు వచ్చి అరెస్టు అన్నాడు. అందరూ లేచారు. చూస్తే చెప్పుల్లేవు! మిట్టమధ్యాహ్నం, కాలుతున్న తారురోడ్డు. వ్యాను మలుపు అవతల ఉంది, ఇవతల లారీలు నిండిపోయి లోపలికి రాలేదు. పేపరువాళ్ళు కెమెరాలు పట్టుకుని ఉన్నారు. ఒట్టికాళ్ళతో ముసలివాళ్ళను ఆ రోడ్డు మీద నడిపిస్తే రేపు నా ఫొటోనే వేస్తారని ఇన్స్పెక్టరు తల పట్టుకున్నాడు. వాళ్ళు చాపల మీదే నిలబడ్డారు, లారీలు గేటు దాటలేదు. చెప్పులు నేను తీశానన్నాను. ఎక్కడ పెట్టావు మామ్మా అంటే గుర్తురాలేదు. టీ కొట్టు దగ్గర వెతికాం. బస్సు షెల్టరు బల్ల కింద వెతికాం. మందుల షాపులో అడిగాం. నా వెంట తిరిగిన కానిస్టేబులు, మామ్మా, మావాళ్ళు నాకు పిల్లను కూడా ఇంత వెతకలేదు అన్నాడు. చివరికి సైకిలు షాపాయన భోజనం చేసి వచ్చి, ఈ సంచి ఎవరిదండీ అని బయటికి తెచ్చాడు. అప్పటికి ఓడ వెళ్ళిపోయింది.

ఓడ తప్పేసరికి వ్యవహారం మారింది. ఇది ముందుగా పథకం వేసుకుని చేసిన పని, వేయించింది నర్సమ్మ, చెప్పులు దాచమని తల్లికి నేర్పింది కూడా అదే అని కేసు రాశారు. పథకమని తేలితే దానికి రెండేళ్ళు. ఉద్యోగం సరేసరి. తేలకపోతే అడ్డం కూర్చున్నందుకు చిన్న శిక్షతో పోతుంది. ఇక ఆ గేటు దగ్గరికి రానని సంతకం పెట్టేస్తే ఏ గొడవా ఉండదు కదా అని నువ్వు రాశావు. ఆ మాట నేను అడగలేదనుకున్నావా? కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. పిల్లదాన్ని ఎవరు చూస్తారే, ఎనిమిదో క్లాసు చదివే పిల్లకు తల్లి వద్దా అన్నాను. నువ్వు లేవా అంది. రానని సంతకం పెట్టి మళ్ళీ వెళితే అబద్ధం అవుతుందమ్మా, వెళ్ళకుండా ఉండలేను అంది. అల్లుడు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుని, అత్తయ్యా, ఇది చెప్పినమాట వినే మనిషైతే నన్నెందుకు చేసుకుంటుంది అన్నాడు.

అంచేత ఇప్పుడు అంతా నా నోట్లో ఉంది. మన లాయరమ్మ మంచి పిల్ల, మనిషే మరీ సన్నం, తింటుందో లేదో. మామ్మగారూ, మీకు మతిమరుపు, సంచి ఎక్కడ పెట్టారో మరిచిపోయారు, అంతే చెప్పండి, పథకం మాట ఎగిరిపోతుంది, మిమ్మల్నీ ఇంటికి పంపేస్తారు అంది. సరే అన్నాను. అల్లుడు మాత్రం, పడుకునే ముందు తలుపు గడియ మూడుసార్లు చూసే మనిషికి మతిమరుపంటే జడ్జిగారు నమ్ముతారా అని నసిగాడు. మరిచిపోయాను బాబూ, మరిచిపోయాను బాబూ అని పొద్దున్నుంచి అంట్లు తోముతూ వల్లె వేస్తున్నాను. పిల్లది విని, అమ్మమ్మా, మరిచిపోయాననే మాట ఇంత గుర్తుపెట్టుకుని చెప్పకూడదు అంది. దాని నోరు తల్లి నోరే.

ఆటో హారను వినిపిస్తోంది. నిండు కుండలు దూరంగా పెట్టుకో, బరువులెత్తకు. మరిదిగారికి నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. నువ్వేమీ బెంగపడకు, ఆ పని ఇక్కడ నేను చూసుకుంటున్నాను.

ఇట్లు,
నీ మేలు కోరే అక్కయ్య

తా.క. చెల్లీ, ఉత్తరం మడిచి చేతిసంచిలో పెట్టుకుని కోర్టుకొచ్చాను. ఇప్పుడు మధ్యాహ్నం. కోర్టు వెనక గదిలో బల్ల మీద కూర్చుని, మిగిలిన కాగితం మీద ఇది రాస్తున్నాను. లాయరమ్మ పోస్టులో వేస్తానంది.

సర్కారు లాయరు చాలా మర్యాదస్తుడు. కూర్చుని చెప్పండి మామ్మగారూ అని కుర్చీ వేయించాడు. ఆరోజు ఏమేం తీసుకెళ్ళారు అంటే చెప్పాను. ఏ బస్సెక్కారు అంటే చెప్పాను. ఎవరెవరి చెప్పులు ఎలా ఉంటాయో తెలుసా అన్నాడు. తెలియకేం? మాస్టారివి కొత్తవి, కాలు కరుస్తున్నాయి. వడ్రంగి ఎడమ చెప్పుకు నల్లదారం కుట్టు. మా నర్సమ్మవి మడమ దగ్గర అరిగాయి, జారిపడుతుందని మార్చమంటే మార్చదు. ఎనిమిది జతలూ అప్పజెప్పాను. హాలంతా నవ్వింది. ఇన్ని గుర్తున్న మామ్మగారికి సంచి తగిలించిన చోటొక్కటే గుర్తులేదట, ఈమెకు మతిమరుపు లేదు, ఎవరో నేర్పారు, ఆ నేర్పిన మనిషి అదుగో అని నర్సమ్మ వైపు చెయ్యి చూపించాడు. అది నా వైపు చూసింది. కోపంగా కాదు, నిజమేనా అమ్మా అన్నట్టు.

నీకు కూడా పైన అబద్ధమే రాశాను చెల్లీ. సంచి ఎక్కడుందో నాకు తెలుసు. వెతికినంతసేపూ తెలుసు. కుక్క భయంతోనే దాచాను, అంతవరకు నిజం. కానీ ఇన్స్పెక్టరు అడిగినప్పుడు కావాలనే అతన్ని టీ కొట్టుకు తీసుకెళ్ళాను.

ఆ గురువారానికి ముందురోజు నర్సమ్మ ఒక పిల్ల సంగతి చెప్పింది. వార్డులో ఆ పిల్ల కిటికీలోంచి ఎండ పడితే ఏడ్చి, పరదా వెయ్యమంటుందట. మబ్బు పడితేనే వరండాలోకొచ్చి ఆడుకుంటుందట. వాళ్ళ ఊళ్ళో ఆకాశం తేటగా ఉన్నరోజే ఈ డ్రోన్లు తిరుగుతాయట. చెల్లీ, నేను భయపడని వస్తువు లేదు. నుయ్యి, కరెంటు, కుక్క, నిచ్చెన, అన్నిటికీ భయపడ్డాను. ఎండ బాగా కాస్తోంది లోపలికి రావే అని పిల్లను పిలవాల్సిన భయం మాత్రం నాకు తెలియదు. ఎండ కాస్తే బట్టలారేసుకున్నాను, అంతే. ఆ గేటు దగ్గర లారీలను చూస్తుంటే, ఆ తల్లి ఎంత భయస్థురాలై ఉంటుందో అనిపించింది. ఒక్క గంట ఆవిడ బదులు నేను భయపడదామనుకున్నాను.

ఇదంతా జడ్జిగారికి చెప్పాను. దానికేమీ తెలియదు బాబూ, నేర్పితే నేర్చుకునే వయసు కాదు నాది అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ ఇలా చేస్తారా అన్నాడు. ఆరోజు ఎంత భయమేస్తుందో దాన్నిబట్టి ఉంటుంది బాబూ అన్నాను.

పథకం లేదని తేల్చారు. నర్సమ్మకూ మిగతావాళ్ళకూ నెలరోజులు. పోలీసులకు అబద్ధం చెప్పినందుకు నాకు రెండు వారాలు. ఇద్దరినీ ఒకేచోట ఉంచుతారట. నర్సమ్మ ఇక్కడే నా పక్కన ఉంది. మా గుంపులో అబద్ధం ఆడకూడదని తెలియదా అమ్మా అని గట్టిగా కేకలేసింది. మీ గుంపులో నేనెప్పుడు చేరానే అన్నాను. ఇప్పుడు చేరావుగా అని నా భుజం మీద తల పెట్టుకుంది. పెళ్ళయ్యాక అలా పెట్టుకోవడం ఇదే మొదలు.

పిల్లది అల్లుడి దగ్గర ఉంది. అతనికి డ్యూటీలు. నువ్వు వెంటనే బయలుదేరి రా, నేను వచ్చేదాకా దానికి తోడుండు. బస్సు పూర్తిగా ఆగాకే దిగు. జైల్లో మందులు ఇస్తారట, కనుక్కున్నాను. ములాఖత్‌కు పిల్లదాన్ని కూడా రానిస్తారట, నీ చెయ్యి పట్టుకుని తీసుకురా. ఇరవై ఎనిమిదో తారీఖు, ఆదివారం, ఉదయం పది గంటలకు.