బజారంతా పలికే తాళంచెవి

సూరత్,
మాఘ మాసం.

చిరంజీవి సౌభాగ్యవతి ఝంఖనకు, అత్తగారు బా దీవించి రాస్తున్న ఉత్తరం. మన ఇంటి కృష్ణుడు ఠాకోర్‌జీ దయవల్ల ఇక్కడ మేమందరం కులాసా. భావ్‌నగర్‌లో నువ్వు, నీ కడుపులోని చిన్న ప్రాణం, మీ అమ్మా నాన్నగారూ క్షేమంగా ఉండాలని పొద్దున హవేలీ గుడిలో మంగళ హారతికి నిలబడినప్పుడల్లా మొక్కుకుంటున్నాను.

ఫోన్‌లో చెప్పే కబుర్లకు కాగితమెందుకని అనుకుంటావు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నువ్వు ఫోన్ చేయడం మానేశావు. నేను చేస్తే మీ అమ్మగారు ఎత్తి, నువ్వు పడుకున్నావంటున్నారు. పడుకునే ఉంటావులే, నెలలు నిండుతున్నాయి. అయినా నేను చెప్పవలసింది ఫోన్‌లో చెప్పేది కాదు. కంప్యూటర్‌లో రాసేది అసలే కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ మామగారి మోకాలు కాస్త నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటున్నారు, పట్టుకోలేదని మాతో అంటున్నారు. తులసికి నీళ్లు నేనే పోస్తున్నాను. కాన్పు తరువాత నువ్వు తినవలసిన కాట్లా పొడికి శొంఠి, గోందు ఎండబెట్టాను. పొడి కొట్టి పంపుతాను, బజారుది కొనవద్దని మీ అమ్మగారితో చెప్పు. మా అబ్బాయి ధైవత్ నీ మీద బెంగతో బక్కచిక్కాడా అని రాశావు. బెంగ ఉన్నమాట నిజమే కానీ బక్కచిక్కలేదు. ఘారీ మిఠాయి డబ్బా ఎవరు ఖాళీ చేశారో నేను అడగలేదు.

చివర్న ఇంకొకటి అడిగావు. "బా, దుకాణం మెయిల్ నాకు తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ మార్చారా?" అని. దాని కింద ఇంకేదో రాసి కొట్టేశావు. వెలుతురుకు పెట్టి చూస్తే "నేనింక అక్కర్లేదా" అన్న మాట కనబడింది. దానికి జవాబు చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి. ఓపికగా చదువు.

నువ్వు పుట్టింటికి వెళ్లాక అక్కడి నుంచి ఒక చీర అంచు గీసి మన దుకాణం మెయిల్‌కు పంపావు కదా. మెడ వెనక్కి తిప్పి చూసే చిలుక, దాని ముక్కులో చింతాకు. చూడగానే నాకు ముద్దొచ్చింది. పెళ్లిళ్ల సీజనుకు దాచుకుందామని, ఎంబ్రాయిడరీ మెషిన్ల మీదికి కూడా ఎక్కించవద్దని మన ఆపరేటర్ పరాస్‌కు చెప్పాను. ఆ తరువాత కొద్ది రోజులకే మా చెల్లెలు హర్షద భావ్‌నగర్ నుంచి ఒక ఫోటో పంపింది. "అక్కా, మీ వియ్యాలవారి దుకాణంలో చీర ఎంత బాగుందో చూడు" అని. మీ అన్నయ్య ఉర్వీశ్ దుకాణం. గాజు బీరువాలో వేలాడుతున్న ఎర్రచీర. అంచు నిండా మెడ తిప్పిన చిలుకలు.

ఝంఖనా, ఆ చిలుక ఈ లోకంలో రెండే చోట్ల ఉండాలి. నీ దగ్గర, మన కంప్యూటర్‌లో.

మొదట పరాస్‌ను అనుమానించాను. పాపం, అతను భోజనానికి వెళ్తే సంచీ వంక చూసేదాన్ని. ఫోన్ వస్తే ఎవరితో మాట్లాడుతున్నాడో అని దారాల రీళ్లు సర్దుతున్నట్టు దగ్గరికి వెళ్లేదాన్ని. ఒకరోజు అతనే, పిన్ని వరస కలుపుతూ అన్నాడు.

"కాకీ, ఆ రీళ్లు నిన్ననే సర్దారు. ఎర్రవన్నీ పసుపువాటిలో కలిశాయి. మీకేమైనా కావాలంటే అడగండి."

సిగ్గుతో లోపలికి వచ్చేశాను. మీ మామగారితో చెబితే ఆయన నవ్వారు.

"తరూ, నువ్వు హవేలీలో ప్రసాదం ఇచ్చే ముఖియాజీని కూడా అనుమానించు. ఆయన మొన్న నీకు రెండు ఠోర్లకు బదులు ఒకటే పెట్టాడుగా."

"నవ్వకండి. ఇంటి గుట్టు బయటికి పోతోంది."

"పోతే ఎటు పోతోంది? భావ్‌నగరేగా. ఆ ఊళ్లో మనవాళ్లెవరున్నారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నా నోటితో అనిపించకు."

ఆయన అనలేదు. నేను మనసులో అన్నాను. డిజైన్ గీసింది నువ్వు, చీర ఉన్నది మీ అన్నయ్య దుకాణంలో. ఇంక వేరే లెక్క ఏముందనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని, మెయిల్‌కూ, డిజైన్లు దాచేచోటుకూ పాస్‌వర్డ్ మార్చేశాను. నీకు చెప్పలేదు. ధైవత్‌కు మాత్రం చెప్పి, "ఝంఖనకు ఇప్పుడు విశ్రాంతి కావాలి, పనిలో పెట్టకు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎంత మెత్తగా ఉందో తలుచుకుంటే నాకే భయమేస్తోంది.

పాత పాస్‌వర్డ్ ఏమిటో నీకు తెలుసు. కంప్యూటర్ కొన్నరోజున దాని మీద కుంకుమతో స్వస్తిక్ వేసి, నేనే పెట్టించాను. పొద్దున్నే మొదట కొట్టే అక్షరాలు భగవంతుడి పేరై ఉండాలని. "జై శ్రీకృష్ణ" అని పైకి అంటూ కొట్టేదాన్ని. అగరుబత్తి వెలిగించినంత హాయిగా ఉండేది. ఇప్పుడు మార్చి, నాథ్‌ద్వారాలో వెలసిన ఆయన పేరు "శ్రీనాథ్‌జీ" అని పెట్టాను. దొంగను బయట పెట్టి తలుపు వేశాననుకున్నాను.

మొన్న మన బజారు సంఘం హాల్లో చిన్న వ్యాపారులకు కంప్యూటర్ జాగ్రత్తల మీద సభ పెట్టారు. టీ, నాస్తా ఉంటాయని మీ మామగారు, నా అనుమానం తీరుతుందని నేను వెళ్లాం. చెప్పడానికి వచ్చినావిడ పార్సీ మనిషి, పేరు మెహెర్‌నాజ్. బ్యాంకులో కంప్యూటర్ల విభాగం చూసి రిటైరైందట. పొట్టి జుట్టు, మోకాళ్లు దాటిన పూల గౌను, చేతిలో కర్ర. మైకు వద్దని తోసేసింది.

"దేవుడి పేరు పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. నేనూ ఎత్తలేదు.

"ఎంత తెలివైన శేఠ్‌లు! సరే, అందరికీ జై శ్రీకృష్ణ!"

"జై శ్రీకృష్ణ!" అని హాలంతా పలికింది. నేను చేతులు కూడా జోడించాను.

"థాంక్యూ దీక్రాలూ, నాయనలారా. సగం బజారు తాళంచెవి నా చేతికి వచ్చింది. మిగతా సగం జైనులు, జై జినేంద్ర అంటారు, వాళ్ల సంగతి టీ తాగాక చూస్తాను."

హాలు గొల్లుమంది. వెనక నుంచి బట్టల దలాలీ చేసే ఒకాయన అరిచాడు. "బాయీ, మరి మీ పాస్‌వర్డ్ ఏంటో చెప్పండి!"

"మా ఆయన బతికున్నప్పుడు ఆయన్ని మనసులో తిట్టుకున్న తిట్టు. మొత్తం వాక్యం. ఆయనక్కూడా తెలీదు, నీకు చెప్తానా?"

అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం జోడించిన చేతులు విడదీసి ఒళ్లో పెట్టుకున్నాను. దుకాణంలోకి ఎవరొచ్చినా నేను అనే మాట అదే. ఫోన్ ఎత్తినా అదే. అంటే వచ్చినవాడికల్లా తాళంచెవి చేతిలో పెట్టి, కూర్చోండని కుర్చీ వేశాను.

సభ అయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్లి, ఒక చిలుక పోయిందన్నాను. ఆవిడ నా మొహం చూసి, ఉన్నపాటున కర్ర పుచ్చుకుని మన దుకాణానికి వచ్చింది. మన మెయిల్ తెరిపించి, నేనెన్నడూ చూడని ఒక మూలకు వెళ్లింది.

"తరులతాబెన్, ఇదెవరి అడ్రసు? మీకొచ్చే ప్రతి ఉత్తరానికీ ఒక నకలు ఇక్కడికి వెళ్తోంది."

"నాకు తెలీదు. కానీ నేను పాస్‌వర్డ్ మార్చేశాను కదా!"

"దేనికి మార్చారు?"

చెప్పాను. ఆవిడ నుదురు కొట్టుకుంది.

"గోకులం నుంచి నాథ్‌ద్వారా దాకా వచ్చారన్నమాట! దీక్రీ, తల్లీ, తలుపుకి తాళం మార్చావు, కిటికీ బార్లా తెరిచే ఉంది. వాడికి ఇంక లోపలికి రావలసిన పనే లేదు. నకళ్లు వాడి ఇంటికే నడిచి వెళ్తున్నాయి. తాళం మార్చాక ఆగిపోయింది ఎవరు?"

ఆగిపోయింది నువ్వు ఒక్కదానివే.

నీ చిలుక నీ మెయిల్ నుంచి మన మెయిల్‌కు రాగానే ఇంకెవరి దగ్గరికో కూడా ఎగిరిపోయింది. ఆ ఏర్పాటు ఎప్పుడు జరిగిందో చూడమన్నాను. వెతికితే, చదవకుండా వదిలేసిన ఒక హెచ్చరిక దొరికింది. కొత్తచోటు నుంచి ఎవరో మీ మెయిల్ తెరిచారు, మీరేనా, అని. ఇంగ్లీషులో ఉందని నేను పట్టించుకోలేదు. తారీఖు చూస్తే దీపావళి మర్నాడు, అన్నకూట్ నైవేద్యం రోజు. ఆ రోజు బజారంతా మూసి ఉంది. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నువ్వు నా పక్కనే, హవేలీ వంటశాలలో కూరలు తరుగుతున్నావు. ఫోన్లు ఇంట్లో వదిలి వెళ్లాం. నీ వేలు తెగితే నా కొంగు చింపి కట్టాను.

రుజువు దొరికింది కనుక నమ్ముతున్నానని నువ్వు అనుకుంటావు. అనుకో. నేను కాదనలేను. రుజువు అడగకుండానే నమ్మవలసింది. నేను దాని కోసం ఒక పార్సీ ఆవిడను కర్రతో నడిపించి తెచ్చుకున్నాను.

ఉర్వీశ్‌కు నేనే ఫోన్ చేశాను. దొంగసరుకు అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. అతనేమన్నాడో తెలుసా? "అత్తయ్యా, సూరత్ హోల్‌సేల్ మార్కెట్‌లో ఒకడి దగ్గర చూశాను. మా చెల్లెలు ఇంట్లో గీస్తుంటే చూసిన చిలుకేనని గుర్తుపట్టాను. మీ దుకాణం సరుకే అనుకుని ఉన్నవన్నీ తెచ్చేశాను. మీకు అమ్మకం పెరుగుతుంది కదా!" అన్నాడు. గాజు బీరువాలో పెట్టింది చెల్లెలి మీద గర్వంతో. జై శ్రీకృష్ణ అని ఫోన్ పెట్టేశాను. ఆ తరువాత నాలుక కరుచుకున్నాను, తాళం సంగతి గుర్తొచ్చి.

ఆ నకళ్లు ఎవరికి వెళ్లాయో ఇంకా తేలలేదు. ఉర్వీశ్‌కు చీరలు అమ్మినవాడి వివరాలతో పోలీసుల సైబర్ విభాగంలో ఫిర్యాదు రాసిచ్చాం. తేలేదాకా నాకు నెమ్మది లేదు. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి నవ్వుతూ పలకరించే ప్రతి మొహాన్నీ ఒక్క క్షణం ఎక్కువ చూస్తున్నాను. నిన్న దలాలీ ఆయన వచ్చి, "ఏం బెన్, కంప్యూటర్ బాగా నడుస్తోందా?" అన్నాడు. మామూలుగా అడిగాడో, మరెందుకు అడిగాడో! మెహెర్‌నాజ్‌తో చెబితే, "అనుమానపు పురుగు నీలో బాగానే ఉంది, దానికి పని చూపిద్దాం" అంది. మనుషుల సంచీలు కాదు, వచ్చిన సందేశాలను అనుమానించమంది. బ్యాంకు పేరుతో వచ్చినా సరే, అందులో నీలంగా కనిపించే లింకును నొక్కకుండా, పాస్‌బుక్ మీదున్న నంబరుకు మనమే ఫోన్ చేసి అడగాలట. కంప్యూటర్ బాగుచేస్తాం, మీ తెర మాకు చూపించండి అని ఫోన్ చేసేవాడికి తెర చూపించకూడదట. నిన్న అలాంటివాడు నిజంగానే ఫోన్ చేశాడు. "మా కంప్యూటర్‌కు ఒంట్లో బాగాలేదు బాబూ, ఎవరినీ చూడదు" అని పెట్టేశాను. మీ మామగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

డిజైన్లన్నీ ఒక వేరే డిస్కులోకి ఎక్కించి, పని కాగానే తీగ పీకి ఇంటికి తెచ్చి ఠాకోర్‌జీ వస్త్రాల పెట్టెలో పెడుతున్నాను. తీగ తగిలించి వదిలేస్తే, కంప్యూటర్‌కు పట్టిన తెగులు దానికీ పడుతుందట. నకళ్లు పోయే కిటికీ మూయించాం. కొత్తచోటు నుంచి ఎవరు తెరవబోయినా ఫోన్‌కు అంకెలు వచ్చే ఏర్పాటు చేయించాం. ఆ అంకెలు ఎవరడిగినా చెప్పకూడదు.

ఇప్పుడు నీ సంగతి. ఇంటిల్లిపాదీ ఒకటే తాళంచెవి వాడడం తప్పని మెహెర్‌నాజ్ కోప్పడింది. అందుకని డిజైన్లు దాచేచోట నీ పేరుతో వేరే ఖాతా, నీదైన ఒక గది, తెరిపించాను. అంకెలు నీ ఫోన్‌కే వస్తాయి. నా ఫోన్‌కు రావు, ధైవత్ ఫోన్‌కు రావు. నువ్వు ఇకమీదట గీసేవన్నీ అందులోనే ఉంటాయి. మెషిన్ మీదికి ఏది ఎప్పుడు ఎక్కించాలో పరాస్‌కు నువ్వే చెబుతావు.

మొదటిసారి తెరవడానికి ఒక మాట పెట్టాను. ఇక్కడ రాయను. పోయిన వేసవిలో అప్పడాలు ఎండబెట్టడానికి డాబా ఎక్కితే, తలుపు గడియ లోపల పడిపోయి మనిద్దరం మధ్యాహ్నమంతా నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నాం, గుర్తుందా? ఎదురు పిట్టగోడ మీద పావురాన్ని చూసి నువ్వొక మాటన్నావు. నేను నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాను. ఆ మాట మొత్తం, మధ్యలో ఖాళీ లేకుండా, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టు. అందులో దేవుడు లేడు. అది మనిద్దరికీ తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

తెరుచుకోగానే దాన్ని మార్చేయి. నీకు తోచింది, పొడవైనది, ఏదైనా పెట్టుకో. నన్ను మనసులో తిట్టుకున్న తిట్టు ఉంటే అదే పెట్టుకో, నేనేమీ అనుకోను.

మార్చాక నాకు మాత్రం చెప్పకు. నేను అడిగినా చెప్పకు.

ఇట్లు,
నీ గది బయట నిలబడి ఉన్న
బా