పరాయి వీధిలో మా అరుగు

పినాంగ్, మలేసియా, మంగళవారం రాత్రి

పుస్తకాల్లో ఎన్నో నగరాలు తిరిగాను. ఈ వీధిని మాత్రం ఎప్పుడో నిద్రలో చూసినట్టుంది. వెలిసిపోయిన నీలి గోడలు, పగుళ్లలో మొలిచిన పచ్చని ఆకులు, చెక్క కిటికీల మీద మెత్తబడిన ఎండ. ప్రతి అంగడి ముందూ స్తంభాల వసారా. ఎవరైనా దాని కింద నడవచ్చు, వానకు నిలబడవచ్చు.

పుంగనూరులో మా ఇంటికీ అలాంటి అరుగు ఉండేది. సంతకొచ్చినవాళ్లు మూటలు దించుకుని కూర్చునేవారు. తమ్ముడు దాన్ని పగలగొట్టి షట్టర్లు పెట్టించాడు. అప్పటి నుంచి వాడితో నాకు మాటల్లేవు. ఈ టూర్లోనూ ఏ కబురైనా మరదలి ద్వారానే. “మీ ఇద్దరికీ నేనేమన్నా టెలిఫోనా బావా?” అని పొద్దున విసుక్కుంది.

సాయంత్రం తమ్ముడికి మోకాళ్లు నొప్పెట్టాయి. ఒక అంగడి ముందు, మన ఊళ్లో లాగే చెప్పులు కింద విడిచి, వసారా ఎక్కి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి చీనా ముసలామె వచ్చింది. తరిమేస్తుంది, చూసి సంతోషిద్దామనుకున్నాను. ఆమె ఆ చెప్పులు చూసి నవ్వి, గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది.

“సూడన్నా, మన అరుగు మాదిరే ఉండాది,” అన్నాడు తమ్ముడు.

‘మరి దాన్నెందుకు పగలగొట్టావురా’ అని ఇన్నేళ్లు నూరిపెట్టుకున్న మాట నాలుక మీదికొచ్చింది.

“షట్టరు ముందర ఒక్కడూ కూర్చోడన్నా,” అన్నాడు, నా ముఖం చూడకుండా. “నేనే స్టూలేసుకోని దావ సూస్తాండాను. పలకరించేవోడే లేడు.”

బాగా అయింది అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

వాడు కాస్త పక్కకు జరిగాడు, చిన్నప్పుడు జరిగినట్టే. చెప్పులు విడిచి కూర్చున్నాను. దీపాలు వెలిగేదాకా ఇద్దరం వీధిని చూశాం.