స్టేషన్ బయట మన మాట

మూలకుళం

అమ్మా, నేను క్షేమంగా ఇల్లు చేరాను. ఇది చదివి నాన్నకు మాత్రం చెప్పకు.

రైలు దిగి, చుట్టూ తమిళం వాళ్లే కదా అని స్టేషన్ మెట్ల మీద నిలబడి ఫోనులో మా ఆయనతో గట్టిగానే మాట్లాడాను. "మామా, నేను కనకాన్ని. రైలు దిగినా, ఆటో పంపు" అన్నాను. కాసేపటికి ఒకతను వచ్చి, "కనకమక్కా, మామ పంపినాడు. సంచి ఇట్టియ్యి" అన్నాడు. తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చి ఎక్కి కూర్చున్నాను.

మా ఇంటి వైపు రావాల్సిన ఆటో సముద్రం వైపు తిరిగింది. మా ఆయన్ని మామా అని పిలిచేది నేనొక్కదాన్నే కదా అని అప్పుడు తట్టింది. "మామ పేరేంది?" అని అడిగాను. అద్దంలో నన్ను చూశాడంతే. సిగ్నల్ దగ్గర ఆగగానే సంచితో దూకేశాను. "సరే అక్కా, పోయిరా" అన్నాడు. బాడుగ కూడా అడగలేదు. మా ఆయన పంపిన ఆటో స్టేషన్ దగ్గరే నాకోసం కాచుకుని ఉందట. ఇప్పుడు వీధిలో ఆటో చప్పుడైతే తలుపు గడియ వేస్తున్నాను.

ఫోనులో చెప్పాలంటే భయమేసి కార్డు రాస్తున్నాను. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నా చదివేవాళ్లు తక్కువ.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లితో కొత్త చింతపండు పంపు. చెల్లి ఏ రైలుకి వస్తుందో ఎక్కడా పైకి అనొద్దు. ప్లాట్‌ఫారం మీదే ఉండమను, మేమిద్దరం వస్తాం. నీకు దండాలు. దాన్ని దీవించి పంపేముందు ఈ మాట మరీ మరీ చెప్పు: ఎవరు పిలిచినా ఆటో ఎక్కొద్దు. మన మాటలో పిలిస్తే అసలే ఎక్కొద్దు.

నీ కనకం