సగం తాడు

బొద్దమ్మకి, మీ అక్క దిగులుపడుతూ రాసేది.

ఫోన్లో నీ మాట నా చెవికి గాలిహోరులా ఉంది, అందుకే ఈ రాత. పొట్ట చిన్నది చేసే ఆపరేషనై ఏడాది కూడా కాలేదు, ఈతకి పోతున్నావట! కుట్లు నానిపోవూ? బట్టమీది కుట్టే నానితే వదులవుతుంది, ఒంటిమీది కుట్టు సంగతి వేరే చెప్పాలా?

ఇదివరకు లేని చలి ఇప్పుడు వేస్తోందన్నావుగా, కోటు కుడతాను. టేపు మీద అంకెలు నాకు ఏనాడూ కుదరలేదు. ఎప్పట్లాగే తాడుకి ముళ్ళేసి పంపు. తాడు కొస నుంచి మొదటి ముడిదాకా నడుము, రెండోదాని దాకా ఛాతీ.

ఇక్కడ మామూలే. మూడో అంతస్తు, నేను, కుట్టుమిషను. నా మోకాళ్ళు నన్ను దిగనివ్వవు, నీ ఒళ్ళు నిన్ను ఎక్కనివ్వలేదు. మొహాలు చూసుకుని పదేళ్ళు దాటింది.

ఇట్లు,
అక్క

తా.క. ఇప్పుడు ఎక్కగలను కదా అని వచ్చెయ్యకు. మెట్ల మీద కుట్లు తెగితే పట్టుకునే దిక్కులేదు.

---

అక్కకి, నీ బొద్దమ్మ నమస్కారాలు.

కుట్లు ఎప్పుడో కరిగిపోయాయే తల్లీ! నాలుగు ముద్దలకే కడుపు నిండుతోంది గానీ, ఈత కొడుతున్నాను, సైకిలు తొక్కుతున్నాను. మొన్న కదిలిపోతున్న బస్సు వెనక పరుగెత్తి ఎక్కాను. డ్రైవరు తిట్టిపోశాడు, నాకైతే సన్మానంలా ఉంది. ఇంటికొచ్చి చెప్పుకుందామంటే కుర్చీలు తప్ప ఎవరూ లేరు. తాడు పంపుతున్నా.

నీ చెల్లి

తా.క. రమ్మనకుండా ఉండడానికి నువ్వెంత కష్టపడుతున్నావో తెలుస్తూనే ఉంది.

---

బొద్దమ్మకి, అక్క కంగారు తీరి రాసేది.

తాడు చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంత పొట్టి తాడా! కాసేపటికి తట్టింది. నేను బట్ట మడత పెట్టి సగమే కొలుస్తానుగా, నువ్వూ అలాగే సగమే పంపావు. ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? రెట్టింపు చేసి కుట్టేశాను. నీ పాత తాడుతో చూసుకుంటే ముడికి ముడి సరిపోయింది. అంటే నువ్వేం తగ్గలేదు. హమ్మయ్య!

అక్క

తా.క. నీ పాత తాడు మిషను సొరుగులోనే ఉంటుంది. తోచనప్పుడు నా నడుముకి చుట్టుకుంటాను. రెండు చుట్లొస్తుంది. నువ్వు పట్టుకున్నట్టే ఉంటుంది.

---

అక్కకి నమస్కారాలు.

కోటు అందింది. నేనూ, పక్కింటి టీచరమ్మా ఇద్దరం దూరి బొత్తాలు పెట్టుకున్నాం. ఇంకా ఆవిడ పిల్లికి చోటు మిగిలింది. అక్కా, అది సగం తాడు కాదు. అంతే తాడు. అంతే నేను. రాతలతో నిన్ను నమ్మించడం నా వల్ల కాదు, వేరే దారి చూస్తాను.

నీ చెల్లి

---

బొద్దమ్మకి, అక్క గుండె చిక్కబట్టుకుని రాసేది.

అంతేనా నువ్వు? మరి మిగతాది ఏమైనట్టు?

అది అలా ఉంచు, ఆదివారం నాకో గండం తప్పింది. తలుపు దబదబా బాదుతున్నారు. కంతలోంచి చూస్తే పుల్లలాంటి ఆడమనిషి, నెత్తిన టోపీ, భుజాన సంచీ. "అక్కా, తలుపు తియ్యి" అంటోంది. ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళందరికీ నేను అక్కనే! "మాకేం వద్దు. మా చెల్లెలు చూసిందంటే ఊరుకోదు, అది గుమ్మం నిండా ఉంటుంది" అని కేకేశాను. నవ్వింది. తర్వాత ఏడ్చినట్టనిపించింది. ఈ రోజుల్లో దొంగలు ఏడవడం కూడా నేర్చారు.

అక్క

తా.క. ఎవరి బిడ్డో గానీ, మూడంతస్తులెక్కినా రొప్పలేదు. అలాంటి ఊపిరి నీకుంటే ఎంత బాగుండేదో!

---

అక్కకి,

ఆ దొంగని నేనే. "నేనే అక్కా" అని అరిచాను కూడా. "అందరూ నేనే అంటారు" అన్నావు. నిన్నేమన్నా ఏం లాభం? మొదట్లో అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు. ఒక్కచోటా ఆగకుండా ఎక్కాను ఆ మెట్లు. ఎక్కి చూస్తే నువ్వు ఇంకా ఆ పాత బొద్దమ్మ కోసమే కాచుకుని ఉన్నావు. ఆమెని ఎక్కణ్ణించి తీసుకురాను? నీ మిషను చప్పుడు వింటూ కాసేపు మెట్ల మీద కూర్చుని వచ్చేశాను.

నీ చెల్లి

తా.క. వచ్చే ఆదివారం నీ కోటే వేసుకుని, లోపల రెండు దిండ్లు కట్టుకుని వస్తాను. అప్పుడైనా గుర్తుపడతావా?

---

బొద్దమ్మకి, బుద్ధిలేని మీ అక్క రాసేది.

దిండ్లు కట్టుకుంటే కాళ్ళకింద మెట్టు కనపడదు, జారిపడతావు. వద్దు. ఉన్నదానివి ఉన్నట్టు రా. గొళ్ళెం తీసే ఉంచుతాను. దొంగలు రాకుండా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, అందులో నేనే కూర్చుంటాను.

అక్క

తా.క. నీ పాత తాడు పారెయ్యలేదు, మధ్యకి మడిచాను. ఇప్పుడు నా నడుముకి ఒక్క చుట్టే వస్తోంది. రెండో చుట్టుకి నీ చేతులు కావాలి.